ఎన్నికల పందెములు

ఎన్నికల మీద పందెము కాయుట జూదము కాదనియు, అది ప్రజాభిప్రాయమును తూచు త్రాసనియు చెప్పు పెద్దమనుష్యులు మనలో బయలుదేరినారు. అమెరికాలో పాలీమార్కెట్, కల్షీ అను సంస్థలు అభ్యర్థుల జయాపజయములను షేర్లవలె అమ్మించుచున్నవి. ఒకని వాటా డెబ్బది సెంట్లు పలికినచో నూటికి డెబ్బది పాళ్లు అతడే గెలుచునట. సొమ్ము ఒడ్డినవాడు అబద్ధమాడడు గనుక ఆ ధర సర్వేలకంటె నిజమట! ఈ సెంట్ల లెక్క పుట్టకముందే మన బెజవాడలోను, కృష్ణా కాలువగట్ల మీదను ఒకటికి రెండు, ఒకటికి మూడు అని ఈ త్రాసు ఆడుచునే యున్నది. అది తూచినదేమో చూతము.

2019 ఏప్రిల్ 11న మన రాష్ట్రమున పోలింగు జరిగెను. ఓట్ల లెక్కింపు మే 23న. ఆ నలువది రెండు దినములు ఓట్లు యంత్రములలో నిదురించెను, పందెములు మాత్రము మేలుకొని యుండెను. విజయవాడకు లోగడ పార్లమెంటు సభ్యులైన లగడపాటి రాజగోపాల్ గారు తెలుగుదేశమునకే గెలుపని సర్వే ప్రకటించిరి. తీరా చూడగా 175 స్థానములలో ఆ పక్షమునకు దక్కినవి 23. వైయస్సార్ కాంగ్రెసునకు 151. మరల 2024లో మే 13న పోలింగు, జూన్ 4న లెక్కింపు. 151 గెలిచిన పక్షము 11కు దిగెను. కూటమికి 164 వచ్చెను. గెలుపెవరిదో ఊహించినవారు లేకపోలేదు గాని ఇంతటి తేడాను ఊహించినవారు బహు కొద్దిమంది. అమెరికా త్రాసు మాత్రము మెరుగైనదా? 2025 జూన్‌లో న్యూయార్క్ మేయరు పదవికి డెమోక్రాటిక్ పక్షము తన అభ్యర్థిని ఎన్నుకొన్నపుడు, పందెపు ధర వారముల తరబడి క్యూమో వైపే మొగ్గియుండెను, గెలిచినవాడు మమ్‌దానీ.

కారణము వెదుకుటకు దూరము పోనక్కరలేదు. పొలములో నాట్లు వేయు స్త్రీకి ఓటు కలదు, పందెము లేదు. పది లక్షలు ఒడ్డు ఆసామికి ఓటు ఒక్కటే, పందెములో మాత్రము అతని మాటకు పది లక్షల బరువు. ఇట్టి త్రాసు తూచునది ప్రజల మనస్సును కాదు, కొందరి పెట్టెలలోని నగదును, వారి పక్షాభిమానమును. పైగా పందెము కాసినవాడు చూచుచు కూర్చుండునా? పలానా అభ్యర్థికి ఇంత మెజారిటీ వచ్చునని పోలింగునకు ముందే లక్షలు ఒడ్డినవాడు, ఆ మెజారిటీ కొరకు వేలు పంచుటకు వెనుదీయడు. ఓటును కొనువారిని నిందించు మనము, కొనుటకు పురికొల్పు ఈ వ్యాపారమును మాత్రము వేసవి కాలక్షేపమనుచున్నాము.

ఆ వేసవి ఎట్టిది? కాలువలు కట్టివేసి, తొలకరికి విత్తనములకు, ఎరువులకు సొమ్ము కూర్చుకొనవలసిన కాలము. పిల్లల కాలేజీ జీతములు ఎదుట నిలుచు కాలము. ఆ సొమ్మే మధ్యవర్తి చేతిలోనికి పోవుచున్నది. ఇంటి ఇల్లాలికి సంగతి తెలియునది, మెడలోని గొలుసు అడిగిననాడు. తన్నోడి నన్నోడెనా అని నిండు సభలో ద్రౌపది అడిగిన ప్రశ్నను పురాణకాలక్షేపములో విని తల యూచు మనము, మన వంటయింటిలో ఎవ్వరైన నదే ప్రశ్న అడిగిన సహింపము. 2024 ఫలితముల పిమ్మట పందెమోడి ప్రాణము తీసికొన్నవాని వార్తను పత్రికలు ప్రకటించినవి.

చట్టము లేదా యందురేమో. ఉన్నది. రాష్ట్రము 2020లోను, పార్లమెంటు 2025లోను సొమ్ముపెట్టి ఆడు ఆన్‌లైన్ ఆటలను నిషేధించినవి. 1872 నాటి కాంట్రాక్టు చట్టము 30వ సెక్షను ప్రకారము పందెపు ఒప్పందము చెల్లదు. గెలిచినవాడు దావా వేసి ఆ సొమ్ము రాబట్టజాలడు. అయినను ఓడినవాడు పొలమమ్మియైన చెల్లించుచున్నాడు. ఎందుకు? పరువట! కూలివాని కూలి నెల తరబడి నిలిపినపుడు పోని పరువు, జూదపు బాకీ నిలిపిన పోవునట. ఈ పరువును పోషించుచున్నది కోర్టులు కావు, మనమే. గెలిచినవాడు పంపిన విందు పిలుపునకు పోవువారము మనము. ఓడి చెల్లించినవానిని మాటమీద నిలిచిన మగవాడని మెచ్చుకొనువారము మనము. రాబోవు ఎన్నికలనాటికి ఆ విందులో ఎన్ని విస్తళ్లు ఖాళీగా మిగులునో మా చదువరుల యిండ్లలోనే తేలవలసియున్నది.