డ్రాయింగు పీరియడును లాక్కోవద్దు

పిల్లలూ! వేరుశనగ ఎండిపోయిన ఏడాది అనంతపురం పల్లెలనుండి ఎందరో కూలి పనులకు బెంగుళూరు వలస పోతారు. పిల్లలు అవ్వాతాతల దగ్గర ఉండిపోతారు. అటువంటివారు మీ తరగతిలోనూ ఉండవచ్చు. వారికి ఊరకే కోపం వస్తుంది, పాఠం తలకెక్కదు. "ఏమైంది?" అని అడిగితే మాట పెగలదు. నోరు చెప్పలేని దానిని చేయి చెప్పగలదా?

దిగులు, కంగారు కలిగినప్పుడు మూత్రపిండాలపైనున్న అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోనును ఎక్కువగా విడుదల చేస్తాయి. 2016లో అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయం వారు 39 మంది పెద్దలచేత 45 నిమిషాలు రంగులతో, మట్టితో బొమ్మలు చేయించి, లాలాజలాన్ని పరీక్షించారు. సుమారు 75 శాతం మందిలో కార్టిసాల్ తగ్గింది. కళలో అనుభవం లేనివారికీ తగ్గింది! అయితే, బొమ్మలు చేయనివారితో పోల్చి చూడలేదు కనుక ఇదొక్కటే రుజువు కాజాలదు.

మరి పిల్లల సంగతి? జెన్నిఫర్ డ్రేక్, ఎలెన్ విన్నర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు 6 నుండి 12 ఏళ్ల పిల్లలపై చేసిన పరిశోధన 2013లో వెలువడింది. నిరాశ కలిగించిన సంఘటనను తలచుకున్నాక, దానినే గీసినవారికన్నా వేరే బొమ్మ గీసినవారి మనస్సు ఎక్కువగా తేలికపడింది. కనుక "నీ బాధను గీయి" అని ఎవరినీ బలవంతపెట్టకూడదు. ఇష్టమైనదే గీయనివ్వాలి.

మరో దారి మన ముంగిటే ఉంది. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మలకు పేరుపొందింది. అక్కడి కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించింది. తెర వెనుకనున్నవారు కోపాన్నీ, ఏడుపునూ బొమ్మచేత పలికిస్తారు. "నాకు భయం" అనడం కష్టం. "ఈ బొమ్మకు భయం" అనడం తేలిక. పిల్లల మానసిక చికిత్సలో బొమ్మలను వాడటంలోని కిటుకు ఇదే.

"పరీక్షలు దగ్గరపడుతుంటే బొమ్మలెందుకు?" అని కొందరు డ్రాయింగు పీరియడును లెక్కలకు ఇచ్చేస్తారు. దిగులు నిండిన బుర్రలో లెక్క నిలుస్తుందా? వారానికి ఒక్క పీరియడైనా బొమ్మలకు మిగలాలి. వాటికి మార్కులు వేయరాదు. ఖర్చంటారా? బొగ్గు, ఎర్రమట్టి, ముగ్గుపిండి చాలు.

ఒక్క మాట మరువకండి. బొమ్మ తోడేగాని వైద్యుడు కాదు. మీకుగాని, మీ స్నేహితునికిగాని వారాల తరబడి నిద్రపట్టకపోతే, అన్నం సయించకపోతే, నమ్మకమైన పెద్దలకు చెప్పండి. ప్రభుత్వ టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోను చేయవచ్చు. సహాయం అడగడం నామోషీ కాదు.