టోకెన్ పడింది, పైసలు పడలేదు: ట్రెజరీని ఏం అడగాలి?

తెలంగాణలో చదువు పూర్తిచేసిన దళిత విద్యార్థులు టీసీ, మెమోల కోసం కాలేజీల చుట్టూ తిరుగుతున్నారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదు కాబట్టి మీరే కట్టి సర్టిఫికెట్లు తీసుకెళ్లండని యాజమాన్యాలు అంటున్నాయి. ఈ బకాయిల కోసమే 2025లో ప్రైవేట్ కాలేజీలు బంద్ పాటించాయి. సంక్షేమ శాఖను అడిగితే బిల్లు ట్రెజరీకి పంపామంటారు. ట్రెజరీని అడిగితే టోకెన్ ఇచ్చాం, పైనుంచి క్లియరెన్స్ రావాలంటారు.

ట్రెజరీ మాటలో కొంత నిజముంది. బిల్లును పరిశీలించి పాస్ చేయడం వరకే జిల్లా అధికారి పని. డబ్బు ఎప్పుడు వదలాలో ఆర్థిక శాఖ నిర్ణయిస్తుంది. బడ్జెట్‌లో కేటాయింపు ఉన్నా, టోకెన్ పడినా ఖాతాలో సొమ్ము పడుతుందన్న భరోసా లేదు. మార్చి 31 దాటితే చెల్లించని బిల్లు మురిగిపోతుంది, మళ్లీ మొదటికొస్తుంది.

అయినా ట్రెజరీని వదిలిపెట్టకూడదు. బిల్లు ఎక్కడ ఆగిందో చెప్పే రికార్డు అక్కడే ఉంది. బిల్లు ఏ తేదీన వచ్చింది, టోకెన్ నంబరెంత, అభ్యంతరం పెట్టారా, పాస్ చేశారా? ఈ నాలుగు ప్రశ్నలు సమాచార హక్కు చట్టం కింద రాసివ్వాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు వేయాలి. అభ్యంతరం ఉంటే సంక్షేమ శాఖను నిలదీయాలి. పాసైన బిల్లయితే ఆర్థిక శాఖను నిలదీయాలి. ఆ కాగితం చేతిలో లేనంతకాలం ఒక ఆఫీసు ఇంకో ఆఫీసును చూపిస్తూనే ఉంటుంది.

నిధుల్లేవన్న జవాబుకూ మనం తలూపనక్కర్లేదు. ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం, 2017 ప్రకారం ఖర్చుకాని నిధులను తర్వాతి ఏడాదికి కలపాలి. ఎస్సీ పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్‌లో 2020-21 నుంచి కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40 శాతం. రాష్ట్రం తన వాటా వేశాకే కేంద్రం వాటా విద్యార్థి ఖాతాకు వస్తుంది. అంటే రాష్ట్రం ఆలస్యం చేస్తే రెండు వాటాలూ ఆగుతాయి.

ఒక్కొక్కరుగా కౌంటర్ దగ్గరకు వెళితే 'తర్వాత రండి' అన్న మాటే వినిపిస్తుంది. కాలేజీల వారీగా దరఖాస్తు నంబర్లు సేకరించి, జిల్లా ట్రెజరీ అధికారికి కలిసికట్టుగా వినతిపత్రం ఇచ్చి రసీదు తీసుకుందాం. నకలు కలెక్టర్‌కు, ఎమ్మెల్యేకు ఇద్దాం. మార్చి వచ్చేదాకా ఆగొద్దు. ఇది మనం అడుక్కునే సాయం కాదు, ప్రభుత్వం మనకు పడ్డ బాకీ.