బోరు అప్పునకు ముందు రాతిపరీక్ష

లాడ్ బజారున పెండ్లిగాజులు బేరమాడు హైదరాబాదు చుట్టుపట్ల రైతు కాళ్లక్రింద నున్నదియు, అతని పొలముక్రింద నున్నదియు నించుమించుగా నొక్కటే: సుమారు 250 కోట్ల యేండ్లనాటి గ్రానైటు. ఆ రాయి నీరు పట్టదు; పగుళ్లే పట్టును. సన్నని బీటలు ఒకదానితో నొకటి కలిసి, వాటివెంట శిల జరిగినప్పుడు భ్రంశమేర్పడును. జరిగినకొలది నడిమిరాయి పిండియై బంకమన్నగును. ఇరుప్రక్కల పగిలిన పట్టీ వెడల్పగును. బంకమన్ను నీటి నడ్డగించును, ప్రక్కపట్టీ నడపును. అచ్చటను కాలక్రమమున పలుగురాయి పేరుకొన్నచో దారి మూతపడును. కావున బీట కనబడినంతనే నీరున్నదనరాదు. టెంకాయ పట్టి జల చూపువానిని నమ్మి, మూడవ బోరునకుఁ గూడ అప్పుచేసిన వారిని మేమెరుగుదుము. శిలాపరీక్ష జరుగనిదే సంఘము బోరునకు అప్పీయరాదని మా యభిప్రాయము. పరీక్ష ఖర్చు మాత్రము సంఘమే భరింపవలెను.