మండలి ఫాంటు: వాణిజ్య పంపిణీ, లైసెన్సు షరతులు

మండలి ఒక తెలుగు యూనికోడ్ ఫాంటు. 1957లో మచిలీపట్నం నుండి లోక్‌సభకు ఎన్నికై, 1975లో హైదరాబాదున మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిగినపుడు విద్యామంత్రిగా ఉన్న మండలి వెంకట కృష్ణారావు పేర దీనికి నామకరణము జరిగినది. 2013లో రూపొందిన ఈ ఫాంటును సిలికానాంధ్ర సంస్థ ఎస్ఐఎల్ ఓపెన్ ఫాంట్ లైసెన్సు 1.1 క్రింద అందించినది.

ఉచితముగా లభించుచున్నది గనుక దీనికి షరతులే లేవనుకొనుట పొరపాటు. గుడివాడలో ఒక ప్రెస్సు యజమాని దీనితో శుభలేఖలు అచ్చువేసి సొమ్ము తీసికొన్నను ఏ షరతూ వర్తించదు. లైసెన్సు ఫాంటుకే గాని, దానితో తయారైన పత్రములకు కాదు. అదే ఫాంటును ఒక వ్యాపారి తన డీటీపీ సాఫ్ట్‌వేరుతో కలిపి అమ్మినచో బాధ్యత మొదలగును. అమ్ముటకు అనుమతి ఉన్నది. కాని ప్రతి ప్రతితోను కాపీహక్కు ప్రకటన, లైసెన్సు పాఠము ఉండవలెను. ఫాంటును మాత్రమే విడిగా అమ్మరాదు. మార్పులు చేసి పంచినచో అదే లైసెన్సు క్రింద పంచవలెను.

నిజమునకు ఇది తేలికైన భారమే. లినక్స్ కెర్నెలుకు వర్తించు జీపీఎల్ ప్రకారము అమ్మకందారు సోర్సుకోడును సైతము అందుబాటులో ఉంచవలెను. ఇచ్చట ఒక చిన్న టెక్స్టు ఫైలు చాలును. ఆ ఫైలును తొలగించినచో లైసెన్సు చెల్లదు, పంపిణీ 1957 నాటి కాపీహక్కు చట్టము క్రింద ఉల్లంఘన కాగలదు. కొన్నవారి నష్టము వేరు. ఆ సాఫ్ట్‌వేరును మచిలీపట్నంలో ఒక పాఠశాల కొన్నదనుకొనిన, అందలి ఈ ఫాంటును వారు రుసుము లేకుండ ఎన్ని కంప్యూటర్లలోనైనను పెట్టుకొనవచ్చును, విద్యార్థులకు పంచవచ్చును. ఫైలు లేని ప్యాకెట్టులో ఆ సంగతి చెప్పునది ఏదియు ఉండదు.