ఒక మనస్సు, ఇద్దరు చికిత్సకురాండ్రు



ఈ మాసమున వచ్చిన యుత్తరములలో నొకటి నన్ను చాల దినము లాలోచింపజేసినది. వ్రాసిన సోదరి తల్లిని పోగొట్టుకొనిన దుఃఖముచే రెండేండ్లుగా నొక చికిత్సకురాలి యొద్దకు పదునైదు దినములకొకమారు పోవుచున్నది. ఆమెతో మాటలాడుటవలన దుఃఖభారము కొంత తగ్గినది. కాని యీలోపల వేరొక బాధ ముదిరినది. చేతు లెన్నిమార్లు కడిగికొన్నను మైల పోలేదనిపించును. తోమిన గరిటెను మరల తోమవలయును. రాత్రి గ్యాసుపొయ్యి కట్టితినో లేదో యని ఆరుమార్లు లేచి చూడవలయును. ఈ బాధకు వేరొక చికిత్సకురాలిని చూడదలచినది. “మొదటి యామెను విడువ మనసొప్పదు. ఆమెకు తెలియకుండ పోయినచో ద్రోహమగునా? మా వారేమో, ఒకరితో కానిది యిద్దరితో నగునా యనుచున్నారు” అని యామె ప్రశ్న.

మన యిండ్లలో మడి యనునది మర్యాద గనుక, ఇట్టి బాధను ఆచారమని భ్రమపడుట సులభము. మడి కట్టుకొనిన యిల్లాలికి స్నానముతో పని తీరును. పిదప నిశ్చింతగా వంటకు కూర్చుండును. ఈ బాధ గలదానికి ఎన్ని బిందెల నీళ్లు పోసికొన్నను తీరదు. దీనిని వైద్యులు ఓసీడీ యందురు. మొండితనమనియు, చాదస్తమనియు ఇంటివారు గేలిచేయుట నే నెరుగుదును. అది న్యాయము కాదు.

దుఃఖమునకును దీనికిని చికిత్స యొక్కటి కాదు. దుఃఖితురాలి మాట నోపికతో విని యోదార్చినచో మేలు కలుగును. ఓసీడీకి వాడు పద్ధతి వేరు. 1966లో లండనునందు విక్టర్ మేయర్ అను నాతడు ఇద్దరు రోగుల విషయమున దానిని ప్రకటించెను. నేడు దానిని ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్ అందురు. రోగి తాను భయపడు వస్తువును, తక్కువ భయముగల దానితో నారంభించి, మెట్టుమెట్టుగా బుద్ధిపూర్వకముగ తాకవలయును. తాకి, చేతులు కడుగక యుండవలయును. మొదట గుండె దడదడలాడును. కడుగకున్నను ఏ యాపదయు రాలేదని మనస్సు క్రమముగా నేర్చుకొనును. సాధారణముగా వారమునకొక్కటిగా పండ్రెండు మొదలు ఇరువది కూర్పులు పట్టును. ఇంటియొద్ద నిత్యాభ్యాసము తప్పదు. అందరు చికిత్సకులకును ఇందు శిక్షణ యుండదు. కావున రెండవ యామెను కోరుట చాపల్యము కాదు.

చిక్కంతయు నిచ్చటనే యున్నది. మొదటి యామె ప్రేమతో, “నీ చేతులు శుభ్రముగనే యున్నవి, భయపడకు” మని యనెననుకొందము. ఆ మాటయే యింకొకమారు చేతులు కడిగినట్లు పనిచేయును. అప్పటికి నెమ్మది, మరునాటికి మరింత సందేహము. రెండవ యామె యొక వారము కట్టినదానిని మొదటి యామె తెలియక విప్పును. తప్పు ఆమెది కాదు. ఆమెకు చెప్పనేలేదు గదా!

ఇద్దరిని చూచుట నిషిద్ధమా? కాదు. అమెరికా మనశ్శాస్త్రజ్ఞుల సంఘము తన నియమావళిలో నీ సందర్భమునకే యొక నియమ మేర్పరచినది. అందు నిషేధము లేదు. తికమకయు విరోధమును రాకుండ రోగితో ముందుగా మాటలాడి, జాగ్రత్తతో నడువవలయునని యున్నది. మార్షా లైనహాన్ ఏర్పరచిన డీబీటీ యను చికిత్సలోనైతే, ఒక చికిత్సకురాలితో నేకాంత సంభాషణయు, వేరుగా నభ్యాస తరగతియు మొదటినుండియు కలిసియే యుండును. చరకుడు చికిత్సకు నాలుగు పాదములు చెప్పి, అందు నాలుగవదియైన రోగికి గల గుణములలో తన బాధను దాచక తెలుపుటను గూడ చేర్చెను. ఇరువురికిని చెరిసగము చెప్పినచో ఆ పాదము కుంటిదగును.

ఒక్క యనుమానము నాకు గలదు. మొదటి యామె యెప్పుడో నొప్పించు మాట యనెనని రెండవ గడప తొక్కదలచినచో, ముందుగా నా మాట ఆమెతోనే యనవలయును. పుట్టింటి మాట అత్తింటను, అత్తింటి మాట పుట్టింటను చెప్పు కోడలి వలె ఇద్దరి నడుమ ఫిర్యాదులు మోయుట వలన బాధ తగ్గదు. అట్లే యిద్దరితోను తల్లి మరణమునే చెప్పుకొనుటయు వ్యర్థము. దుఃఖము మొదటి యామెకు, ఓసీడీ రెండవ యామెకు అని హద్దు గీయవలెను.

మీ వారి ప్రశ్న ధనమును గూర్చినదైనచో, రెండవ చికిత్సకు గడువు కలదని చెప్పుడు. ఆ నెలలలో మొదటి యామెను నెలకొకమారు చూచిన చాలునేమో ఆమెనే యడుగుడు. 2022 అక్టోబరులో ప్రభుత్వ మారంభించిన టెలిమానస్‌కు 14416 అను సంఖ్యకు ఫోను చేసి తెలుగులో మాటలాడవచ్చును, రుసుము లేదు. కాని వారము వారము జరుగవలసిన అభ్యాసమునకు అది బదులు కాజాలదు. మందు లవసరమైనచో మనోవైద్యులు వ్రాయుదురు.

రహస్యము బయటపడునను భయము వలదు. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టము గోప్యతను రోగి హక్కుగా చేసినది. చికిత్సకై తోడి వైద్యులకు తెలుపుటకు అందు వీలున్నది. ఇద్దరును పరస్పరము మాటలాడుకొనవచ్చునని మీరు వ్రాతమూలకముగ సమ్మతి యిచ్చుట మేలు. ఏది చెప్పవచ్చునో, ఏది చెప్పరాదో అందే వ్రాయుడు.

మొదటి యామెతో నీ సంగతి, వచ్చుమారు కూర్చుండిన పది నిమిషములలోనే చెప్పుడు. లేచి చెప్పులు తొడుగుకొనుచు చెప్పినచో ఆమెకు బదులు పలుకుటకైనను వ్యవధి యుండదు. రెండవ యామెకు మొదటి ఫోనులోనే చెప్పుడు.