బొట్టును చెరుగు నాదము

చేటలో బియ్యము చెరిగి నేమునపుడు నూకలొక దెసకు, బియ్యమొక దెసకు చేరుట మన మెఱిగినదే. ఒక్క నీటిబొట్టును సయితము నాదముచే నిట్లే చెరుగవచ్చునని శాస్త్రజ్ఞులు నిరూపించియున్నారు.

ఇచ్చట చేట యనదగినది లిథియం నియోబేట్ అను స్ఫటికపు పలక. దానిపై రెండు సన్నని లోహపు దువ్వెనలు, ఒకదాని పండ్లలో నొకదాని పండ్లు చొచ్చినట్లు అమర్పబడియుండును. సెకనునకు కోటికి మించి దిశ మారు విద్యుత్తును వానికి పంపగా, పలకపై చెవికి వినరాని తరంగములు పరువెత్తును. ఇట్టి తరంగములను 1885లో రేలీ ప్రభువు గణితమున చూపెను. 1965లో వైట్, వోల్ట్‌మర్ అనువారు వానిని దువ్వెనలచే పుట్టించు విధమును ప్రకటించిరి.

తరంగముల త్రోవ కొకింత ప్రక్కగా నుంచిన బొట్టు లోలోపల సుడి తిరుగును. తరంగసంఖ్య తగినట్లున్నచో చిన్న రేణువులు సుడి వెంట నడుమకు ప్రోగగును. పెద్దవి నాదపు త్రోపుడుచే నంచునకు చేరును.

నెత్తురును రేణుమయమే. వానిని వేరుపఱచుటకు నేడు నెత్తురును గొట్టములలో పోసి యంత్రమున గిరగిర త్రిప్పుదురు. పసిబిడ్డ చేతిలో సూది గ్రుచ్చునపుడు తల్లిగుండె యెట్లుండునో మీకు చెప్పవలయునా? ఈ విద్య యింకను చాలవఱకు ప్రయోగశాలలయందే యున్నది. పరిపక్వమైననాడు కొన్ని పరీక్షలకు బొట్టొక్కటి చాలును.