బందరు వైద్య విద్యార్థులకు, పామర్రు ప్రజలకు



2023 సెప్టెంబరు 15న బందరులో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. ఏడాదికి 150 మంది చేరతారు. డాక్టరు పట్టాభి సీతారామయ్య గారు వైద్యం చేసిన ఊరికి వైద్య కళాశాల రావడానికి ఇన్నేళ్ళు పట్టింది. వచ్చింది కనక అడుగుతున్నాం. ఆ కళాశాలలో చదివే పిల్లలు, మన చుట్టుపక్కల నర్సింగు, ఫిజియోథెరపీ చదివే పిల్లలు మా ఊళ్ళకు రావాలి. కాళ్ళు చేతులు సహకరించని వాళ్ళ ఇళ్ళకు వెళ్ళాలి. వెళ్ళి వాళ్ళ దగ్గర చదువుకోవాలి.

ఇవాళ వికలాంగుడు డాక్టరు ముందు కూర్చునేది ఎక్కువగా వైకల్యం శాతం తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే సదరం శిబిరంలోనే. ఎంత శాతం అన్నది తేలితే పని అయిపోయినట్టే. శాతం అక్కర్లేదని ఎవరంటారు? 2024 జులై నుంచి వికలాంగుల పింఛను నెలకు ఆరు వేలయింది, పూర్తిగా మంచాన పడ్డవాళ్ళకు పదిహేను వేలు. దాంతో ఎన్నో ఇళ్ళల్లో పొయ్యి వెలుగుతోంది. అయితే సర్టిఫికెట్ చేతికి వచ్చాక ఆ మనిషికి బీపీ ఎంతుందో, షుగరుందో లేదో, రాత్రి నిద్ర పడుతోందో లేదో అడిగేవాళ్ళేరీ?

తాటిచెట్టు మీంచి పడి నడుము పడిపోయిన గీత కార్మికుణ్ణి తీసుకోండి. అతణ్ణి చంపేది పడిన దెబ్బ ఒక్కటే కాదు. స్పర్శ లేని చోట పుట్టిన మంచం పుండు, పదే పదే వచ్చే మూత్రం ఇన్ఫెక్షను కూడా చంపుతాయి. రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలని, కుర్చీలో ఉంటే అరగంటలోపే బరువు మార్చుకోవాలని, ఒంటి మీద ఎక్కడైనా ఎర్రబడిందేమో రోజూ అద్దంలో చూసుకోవాలని అతని భార్యకు నేర్పితే చాలా పుండ్లు అసలు పుట్టవు. ఆ పాఠం చెప్పడానికి స్పెషలిస్టు రానక్కర్లేదు, రెండో ఏడాది విద్యార్థి చాలు. ఇంకో మాట. పడినవాణ్ణి తలా ఒక కాలూ చెయ్యీ పట్టుకుని ఆటోలో వేసెయ్యడం మన ఊళ్ళలో ఇంకా చూస్తున్నాం. మెడా వెన్నూ కదలకుండా చెక్క మీద పడుకోబెట్టి తీసుకెళ్ళాలని ఊరందరికీ నేర్పాల్సిందీ మీరే.

పోలియో సంగతి చెప్పాలి. 2014 మార్చిలో మన దేశం పోలియో నుంచి బయటపడిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. జబ్బు పోయింది గాని అది వచ్చినవాళ్ళు మన మధ్యే ఉన్నారు, యాభై, అరవై ఏళ్ళకు చేరుతున్నారు. చిన్నప్పుడు ఆ జబ్బు పడినవాళ్ళలో కొందరికి దశాబ్దాల తరవాత కొత్తగా నీరసం, కండరాల నొప్పి వస్తాయి. వయసు మీదపడిందిలే అనుకుంటారు. గట్టిగా వ్యాయామం చెయ్యమని సలహా ఇస్తే ఉన్న బలమూ తగ్గుతుంది. చంకకర్రలతో బతుకంతా నెట్టుకొచ్చిన మనిషికి భుజాలు అరిగిపోతాయని ఏ విద్యార్థికైనా పుస్తకం కంటే ఆ మనిషే బాగా చెప్పగలడు. బస్టాండులో తాము వాడగలిగే మరుగుదొడ్డి లేదని ప్రయాణం రోజున మంచినీళ్ళే తాగని ఆడవాళ్ళున్నారు. మందులచీటీ రాసే ముందు ఆ సంగతి తెలియొద్దా?

జైపూరు కాలు అనే కృత్రిమ కాలి కథ వినే ఉంటారు. 1960ల చివర డాక్టరు ప్రమోద్ కరణ్ సేథీ, పెద్ద చదువులు లేని శిల్పి రామచంద్ర శర్మ కలిసి దాన్ని తయారు చేశారు. విదేశీ నమూనా కాలికి బూటుండాలి. దాంతో బాసింపట్టు వేసుకుని కూర్చోలేరు, గొంతుక్కూర్చోలేరు, బురదలో దిగలేరు. సార్వా ఊడ్పులకు దిగే మన డెల్టా కూలీకి ఆ కాలెందుకు? రోగి ఎలా కూర్చుంటాడో, ఎక్కడ నడుస్తాడో చూసినవాళ్ళు కనకనే వాళ్ళకు ఆ ఆలోచన వచ్చింది. ఆ చూపు ఇంటికి వెళ్తేనే వస్తుంది, వార్డులో రాదు.

ఇది దయతో చెయ్యాల్సిన పని కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 47వ సెక్షను డాక్టర్లు, నర్సులు, పారామెడికల్ సిబ్బంది చదువుల్లో వైకల్యాన్ని పాఠ్యాంశంగా చేర్చాలంటోంది. ఆసుపత్రిలో వికలాంగులకు అడ్డంకులు లేని దారి, వైద్యంలో ప్రాధాన్యం ఉండాలని 25వ సెక్షను అంటోంది. వికలాంగుల్లో కొందరు ఇతరుల కంటే ఇరవై ఏళ్ళ వరకు ముందే చనిపోతున్నారని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నివేదిక చెప్పింది. సరిచెయ్యగల అన్యాయాలే అందుకు ముఖ్య కారణమనీ చెప్పింది.

దారి కొత్తగా వెయ్యనక్కర్లేదు. ఎంబీబీఎస్ విద్యార్థులు పల్లెల్లో కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని కొన్నేళ్ళ పాటు వాళ్ళ ఆరోగ్యం చూసే కార్యక్రమం ఉండనే ఉంది. అధ్యాపకులారా, ప్రతి విద్యార్థికీ ఇచ్చే కుటుంబాల్లో ఒకటైనా వికలాంగులున్న ఇల్లు కావాలి. ఆ ఇంటి మనిషిని ఏడాదికోసారి మీ తరగతికి పిలిచి మాట్లాడించండి, వచ్చినందుకు గౌరవ వేతనం ఇవ్వండి. పరీక్షలో ఆ ఇంటి గురించి అడగండి. అడగనిదాన్ని విద్యార్థులు చదవరని మీకూ తెలుసు, మాకూ తెలుసు.

1977 నవంబరు 19 ఉప్పెన తరవాత దివిసీమకు దేశం నలుమూలల నుంచీ జనం వచ్చారు. ఇది మా పనా అని ఎవరూ అడగలేదు. రేపు మళ్ళీ తుపాను హెచ్చరిక వస్తే కృత్తివెన్ను నుంచి నాగాయలంక దాకా ఏ వీధిలో ఎవరు లేచి నడవలేరో, ఎవరికి ఏ మందు ఆగకూడదో, ఎవర్ని ఎలా ఎత్తాలో తెలిసినవాళ్ళు ఎంతమంది ఉన్నారు? ఇళ్ళకు తిరిగిన విద్యార్థుల దగ్గర ఆ జాబితా ఉంటుంది. ఆ ఒక్క కారణం చాలు మీరు రావడానికి.

ఇక మనవంతు. వెనకగదిలో ఉన్నవాళ్ళను ముందుగదిలోకి తీసుకురండి. పిల్లలు వస్తే తలుపు తియ్యండి, మంచంలో ఉన్న మనిషినే మాట్లాడనివ్వండి, మీరు అడ్డుపడి జవాబు చెప్పకండి. సర్పంచులారా, పామర్రు మండలంలో ప్రతి ఊళ్ళోనూ ఆశా కార్యకర్తతో కూర్చుని, ఆ ఇళ్ళవాళ్ళు ఒప్పుకున్న మేరకు, ఈ నెలలోనే వికలాంగులున్న ఇళ్ళ జాబితా రాయించి కళాశాలకు పంపండి. హెల్త్ సెంటరు గుమ్మానికి ర్యాంపు లేకపోతే విద్యార్థులు వచ్చేలోగా కట్టించండి.